బాణం ఎవరు వేశారని పిల్లలు అడగకూడదా?

ఉన్నత పాఠశాలల్లో ఇప్పుడు వాతావరణ మార్పు మీద విద్యార్థుల చేత ప్రాజెక్టులు చేయిస్తున్నారు. ఎకో క్లబ్బులు ఎప్పటి నుంచో ఉన్నాయి. 2024 జూన్ నుంచి 'ఏక్ పేడ్ మా కే నామ్' పేరుతో మొక్కలు కూడా నాటుతున్నారు. పిల్లలు మట్టిలో చేతులు పెడితే మాకు సంతోషమే. (సెలవుల్లో ఆ మొక్కలకు నీళ్లు పోసేది బడి ఊడ్చే ఆయమ్మ అన్న సంగతి ఫోటోల్లో కనిపించదు.) మా అభ్యంతరం మొక్కల మీద కాదు, వాటితోపాటు చెప్పే మాట మీద. "కారణాలు మనకెందుకు, మీ వంతు మీరు చేయండి" అంటున్నారు.

ఈ మాటకు బుద్ధుని సాక్ష్యం తెచ్చేవారూ మనలో ఉన్నారు. చూళమాలుంక్య సుత్తంలో విషబాణం తగిలిన మనిషి, దాన్ని ఎవరు వేశారో తెలిసేదాకా తీయనివ్వనంటాడు. తెలిసేలోపు చనిపోతాడు. కాబట్టి ఎవరు వేశారని అడగకుండా బాణం తీయమని బోధ అంటారు.

ఆ ఉపమానం దేనికి సమాధానమో చూడాలి. మాలుంక్యపుత్తుడు అడిగింది లోకం శాశ్వతమా కాదా, తథాగతుడు మరణానంతరం ఉంటాడా లేడా అని. బుద్ధుడు పక్కన పెట్టినవి ఆ ప్రశ్నలు. దుఃఖానికి కారణమేమిటన్న ప్రశ్నను ఆయన ఎన్నడూ పక్కన పెట్టలేదు. అది రెండో ఆర్యసత్యమే. ప్రతీత్య సముత్పాదం అంటే అందరూ సమానంగా దోషులని కాదు, ఏది దేనివల్ల కలుగుతోందో విడదీసి చూడమని. రేకుల ఇంట్లో ఒక్క ఫ్యాను కింద ఆరుగురు పడుకునే పిల్లకు "ఫ్యాన్లు ఆపి భూమిని కాపాడు" అని నేర్పడం ఆ విడదీయడాన్ని వదిలేయడమే.

2015 మే వడగాడ్పుల్లో దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవారే. ఎండలో పని మానుకోలేని కూలీలకూ, వృద్ధులకూ ముప్పు ఎక్కువ. వారిలో మనవాళ్లెందరో లెక్క ఎవరు తీస్తారు?

మేము వెళ్లే ఒక పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలు ప్రాజెక్టు కింద మధ్యాహ్నం రెండు గంటలకు ఊళ్లో వేడి కొలిచారు. పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు కింద, ఒక డాబాలో, వాడలో రేకుల ఇళ్లలో. రేకుల ఇల్లే అన్నిటికన్నా వేడిగా ఉంది. అది మనకు తెలిసిందే. ఒక అమ్మాయి మాత్రం తన నోటుపుస్తకంలో ఇంకో వరుస గీసి, ఏ వీధిలో ఎన్ని చెట్లున్నాయో రాసింది. వాడ వీధిలో ఒక్కటీ లేదు. "మొక్కలు బడిలోనే ఎందుకు నాటుతున్నాం సార్?" అని అడిగింది. ఆ ప్రశ్న ఏ మొక్కకూ తక్కువైన పని కాదని మా అభిప్రాయం.

చట్టం చదివినవాళ్లంగా ఒక మాట. పర్యావరణాన్ని కాపాడడం పౌరుల విధి అనే 51ఏ(జి)ని 1976లో 42వ సవరణతో చేర్చారు. బడిలో అది చెబుతారు. 2024 మార్చి 21న బట్టమేకపిట్ట కేసులో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు 14, 21 అధికరణాల్లో ఉందని గుర్తించింది. ఇది చెప్పరు. విధి ఒక్కటే నేర్చుకున్న పిల్ల తనను తానే నిందించుకుంటుంది. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ నీళ్లు తాగింది దాహం కోసం కాదు, చెరువు ఎవరిదని అడగడానికి.

కారణం అడగడం ద్వేషానికి దారి తీయదా అని కొందరు ఉపాసకులు అడుగుతారు. తీయవచ్చు. అందుకే కొలత కావాలి, కేక కాదు. కారకులు కాని పిల్లలు ఎందుకు పని చేయాలన్నదీ న్యాయమైన ప్రశ్నే. అపరాధ భావంతో అయితే చేయనక్కర్లేదు. పక్కింటి ముసలమ్మ మీద కరుణతో అయితే చేయవచ్చు. ఆ రెండు పనులూ పైకి ఒకేలా కనిపించినా, చేతన వేరు.

ఏప్రిల్ 14 నాటికి ఎండలు ముదురుతాయి. జయంతి ఖర్చులో నాలుగు థర్మామీటర్లకూ, వాడ కప్పుల మీద కొట్టే సున్నానికీ కొంత తీసిపెట్టి, పిల్లల పట్టికను గ్రామసభలో చదివించమని మన సంఘాలను కోరుతున్నాం.