క్రొత్తది అను మాట

పలక స్థానమును ఇప్పుడు ల్యాప్‌టాప్ ఆక్రమించినది. పూర్వము బిడ్డను బడికి పంపు తండ్రి పలకయు బలపమును కొని యిచ్చినట్లే, నేడు కళాశాలకు పంపు తండ్రి ఈ చిన్న కంప్యూటరును కొని యిచ్చుచున్నాడు. పలక కొనుటలో మోసపోయినవాడు కొన్ని అణాలు పోగొట్టుకొనెడివాడు; ఇందులో పోవునది కొన్ని నెలల జీతము. ఒకరు కొని, కొన్నాళ్లు వాడి, తిరిగి యిచ్చిన యంత్రమును గాని, అంగడి బల్లపై నెలల తరబడి ప్రదర్శనకుంచిన దానిని గాని తుడిచి, మరల పెట్టెలో పెట్టి, పైన సీలు అంటించి, సరిక్రొత్తదని అమ్ముట వర్తకములో వినబడుచున్న మోసములలో ఒకటి. హత్యల యెదుట, దోపిడీల యెదుట ఇది అల్పముగా తోచును. అయినను దీనిలో ఒక కఠినమైన ప్రశ్న దాగియున్నది. వస్తువు చక్కగా పనిచేయుచుండగా, "క్రొత్తది" అను ఒక్క మాట అబద్ధమైనంత మాత్రమున కొనినవానికి కలిగిన నష్టమేమి?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి పట్టణమున, సెక్టర్ 2లో కాపురమున్న ఒక తెలుగు కుటుంబమును ఊహింపవచ్చును. సోవియట్ ప్రభుత్వముతో 1955లో కుదిరిన ఒప్పందము వలన ఆ ఊరికి ఉక్కు కర్మాగారము వచ్చినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించెను. ఆ పనికై నలుదిక్కుల నుండి వచ్చినవారిలో తెలుగువారు అనేకులు. వారి పిల్లలు, మనుమలు అక్కడనే పెరిగిరి. ఈ కుటుంబపు తండ్రి రైలు పట్టాలు తయారగు మిల్లులో పనివాడు. అక్కడ నుండి వెళ్లు పట్టా నడుమ చేసినవారి గుర్తు, నెల, సంవత్సరము ఉబ్బెత్తుగా అచ్చుపడియుండును. ఇరువది యేండ్ల తరువాత ఏ అడవి మధ్యనో ఆ పట్టా విరిగినను, అది ఎప్పుడు ఎక్కడ పుట్టినదో చెప్పవచ్చును. వయస్సు దాచుట ఆ పనిలో కుదరదు. అట్టివాడు, కుమార్తెకు ఇంజనీరింగులో సీటు వచ్చినదని సంతోషించి, కూడబెట్టిన సొమ్ముతో ల్యాప్‌టాప్ కొని తెచ్చెను. తెలుగు క్రైస్తవ గృహములలో జరుగునట్లే, పెట్టె తెరువకముందు దానిపై చేతులుంచి అందరును కృతజ్ఞతా ప్రార్థన చేసిరి. మూడు వారములకు ఆ బిడ్డకు అందులో ఎవరివో ఎరుగని మనుష్యుల ఛాయాచిత్రములు కనబడెను.

ఇట్టి యంత్రము తన్ను అమ్మినవాని కంటె సత్యవంతమైన సాక్షి. పైపెంకును తుడువవచ్చును, లోపలి లెక్కను తుడుచుట అంత సులభము కాదు. బ్యాటరీ ఎన్ని మారులు నిండి ఖాళీ అయినదో, మొదటి శక్తిలో ఎంత మిగిలియున్నదో చూపు నివేదిక దానిలోనే కలదు. సమాచారమును దాచు డిస్కు తాను ఎన్ని గంటలు మేలుకొనియున్నదో లెక్కపెట్టుకొనును. సీరియల్ నంబరును బట్టి వారంటీ ఏ దినము నుండి నడుచుచున్నదో తయారీదారుని యొద్ద తెలిసికొనవచ్చును. మరుగైనది బయలుపడక మానదని ప్రభువు చెప్పిన మాటకు ఇంతటి వాచ్యార్థ నిదర్శనము దొరకుట అరుదు. అయితే ఇక్కడ కొనువానికిని ఒక హెచ్చరిక అవసరము. కర్మాగారములో పరీక్షించినప్పుడు యంత్రము కొంతసేపు నడచియుండవచ్చును. గిడ్డంగిలో సంవత్సరము పడియున్న వస్తువు పాత తేదీ కలిగియున్నను ఎవరును వాడనిది కావచ్చును. రెండు గంటల లెక్కను చూచి వర్తకుని దొంగ అని కేకలు వేయువాడు తొమ్మిదవ ఆజ్ఞను మరచినవాడు.

పాతది అమ్ముట పాపము కాదు. పెద్ద కార్యాలయములు మూడు నాలుగేండ్లు వాడి విడిచిన యంత్రములను బాగుచేసి, అట్లని చెప్పి, తక్కువ ధరకు అమ్ము వర్తకులు బీద విద్యార్థులకు మేలు చేయుచున్నారు. దోషము వేరొక చోట నున్నది. 1995లో అమెరికాలో కంపాక్ కంపెనీ ప్యాకర్డ్ బెల్ కంపెనీపై దావా వేసెను; క్రొత్తవని అమ్మిన కంప్యూటర్లలో వాడిన భాగములను చెప్పకుండ అమర్చుచున్నదని అభియోగము. అట్టి భాగములను అమర్చుట ఆ పరిశ్రమలో ఇతరులకును, కంపాక్‌కే కూడ, అలవాటు. ఇతరులు ఆ సంగతిని వారంటీ కాగితములో ముద్రించిరి, ప్యాకర్డ్ బెల్ ముద్రింపలేదు. భేదమంతయు ఒక్క వాక్యములో నున్నది.

"అతడు అడుగలేదు, నేను చెప్పలేదు" అని వర్తకుడు సమాధానము చెప్పును. ఈ సమాధానము మిక్కిలి ప్రాచీనమైనది. క్రీస్తు పూర్వము 44లో సిసెరో తన కర్తవ్య గ్రంథములో ఈ వివాదమును వ్రాసియుంచెను. రోదు ద్వీపమున కరవు. అలెక్సంద్రియ నుండి ఒక వర్తకుడు ధాన్యము తెచ్చెను. వెనుక మరికొన్ని ఓడలు వచ్చుచున్నవని అతనికి తెలియును, పట్టణస్థులకు తెలియదు. చెప్పవలెనా? బబులోనుకు చెందిన దియోగెనెసు అను తత్వవేత్త మౌనము వేరు, దాచుట వేరు అనెను. అతని శిష్యుడైన అంతిపాతెరు ఒప్పుకొనలేదు. అమ్మువానికి తెలిసినదంతయు కొనువానికిని తెలియవలెననెను. ఈ అంతిపాతెరు తార్సు పట్టణస్థుడు. ఒకటిన్నర శతాబ్దము తరువాత అదే ఊరిలో పుట్టినవాడు పౌలు.

ధాన్యపు వర్తకుని విషయములో దియోగెనెసు మాటకు కొంత బలము కలదు. ఓడల రాకపోకలు అతని ధాన్యములోని లోపము కావు. భారత దేశపు 1872 నాటి ఒప్పందముల చట్టమును 17వ సెక్షనులో కేవల మౌనమును సాధారణముగా వంచన అనదు, తెలిసిన సంగతిని పనిగట్టుకొని మరుగుపరచుటను వంచన అనును. ల్యాప్‌టాప్ వర్తకుడు మౌనముగా నుండినవాడు కాడు. తెరచిన పెట్టెకు మరల అంటించిన సీలు మాటలాడుచున్నది. "దీనిని ఎవరును ముట్టలేదు" అని అది పలుకుచున్నది. నోటితో ఆడని అబద్ధమును అతడు జిగురుతో ఆడెను. కనుకనే 2020 జూలై నుండి అమలులో నున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము పాత వస్తువును, వాడిన దానిని, బాగుచేసిన దానిని క్రొత్తదని చూపుటను అక్రమ వర్తక పద్ధతులలో పేరుపెట్టి చేర్చినది.

"క్రొత్త" అను మాటలోనే ఒక సందిగ్ధత కలదు. క్రొత్త నిబంధన గ్రీకు భాషలో దీనికి రెండు మాటలున్నవి: నెయొస్, కైనొస్. నెయొస్ కాలమును బట్టి క్రొత్తది, నిన్న మొన్న పుట్టినది. కైనొస్ స్థితిని బట్టి క్రొత్తది, వాడబడనిది. ఈ భేదము అన్నిచోట్ల ఖచ్చితముగా పాటింపబడలేదు. గాని తిత్తులను గూర్చిన ఉపమానములో రెండు మాటలును ఒకే వచనమున ప్రక్కప్రక్కన నిలిచినవి: ద్రాక్షారసము నెయొస్, తిత్తులు కైనొస్. తెలుగులో రెంటికిని "క్రొత్త" యే. వర్తకుని ఉపాయము సరిగా ఈ సందులో దూరును. ఇది ఈ సంవత్సరపు మోడల్ అని అతడు చెప్పునది నిజమే, అది నెయొస్. ఎవరును వాడనిదని కొనువాడు వినును, అది కైనొస్. ఈ వినికిడి కొరకే అతడు అధిక ధర చెల్లించుచున్నాడు.

కాబట్టి "నష్టమేమి" అను ప్రశ్నకు ధరలోని భేదమును, గడచిపోయిన వారంటీ దినములను లెక్కించి ఊరకుండరాదు. యంత్రము పదేండ్లు చెడకుండ నడచినను, తండ్రి తెలిసి ఒప్పుకొనని బేరములో అతని చేయి పట్టుకొని సంతకము చేయించినట్లయినది. అతనికి వయస్సు దాగిన వస్తువు దొరికినది గాని, ఎన్నుకొను హక్కు పోయినది. ఆమోసు ప్రవక్త విశ్రాంతిదినము ఎప్పుడు గతించునాయని ఆత్రపడు ధాన్యపు వర్తకులను గద్దించినప్పుడు, తాలును ధాన్యమని అమ్ముటను బీదలను కొనుటతో చేర్చి చెప్పెను. అది ఊరక పడిన మాట కాదు. మోసపు బేరములో అమ్ముడుపోవునది వస్తువు మాత్రమే కాదు.

పౌలు కూడ అంగడి మాటనే తీసికొనెను. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక రెండవ అధ్యాయము చివర, దేవుని వాక్యమును కల్తీచేయువారిని గూర్చి అతడు వాడిన క్రియ "కపేలొస్" అను నామము నుండి వచ్చినది. దాని అర్థము చిల్లర వర్తకుడు, విశేషముగా ద్రాక్షారసము అమ్మువాడు. యెషయా గ్రంథపు గ్రీకు అనువాదములో, మొదటి అధ్యాయమున, ద్రాక్షారసములో నీళ్లు కలుపువారికి ఇదే పేరు. చిల్లర వర్తకుని పేరు కల్తీకి మారుపేరైనంతగా ఆ కాలపు అంగళ్లు చెడియుండెను. బోధకులు దీనిని చదివి వర్తకులను మాత్రమే నిందింపరాదు. పాత ప్రసంగమునకు క్రొత్త సీలు అంటించుట వేదికపైనను జరుగుచున్నది.

యెహోషువ గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో దీనికి తలక్రిందులైన వృత్తాంతము కలదు. గిబియోనీయులు దగ్గరివారై యుండి, దూరదేశస్థులమని నమ్మించుటకు పాత గోనెలు, అతుకులు వేసిన చెప్పులు, బూజు పట్టిన రొట్టె తెచ్చిరి. పెద్దలు రొట్టెను పరీక్షించిరి గాని ప్రభువు యొద్ద విచారింపలేదు. మూడు దినములకు నిజము తెలిసెను. అయినను తాము చేసిన ప్రమాణమును వారు తప్పలేదు. మోసపోయినవాడు తన మాట తప్పుటకు ఆ మోసము అనుమతి కాదని ఆ పెద్దలు ఎరిగియుండిరి. ఈ సంగతి క్రింద మరల అవసరమగును.

తిరిగివచ్చిన యంత్రము వెనుక తిరిగి యిచ్చినవాడు ఒకడు కలడు. ప్రాజెక్టు పూర్తియగువరకు పది దినములు వాడుకొని, "నచ్చలేదు, తెరువనే లేదు" అని తిరిగి పంపువాడు ఆదివారము దేవాలయములో ప్రక్క బల్లపై కూర్చుండువాడే కావచ్చును. అతడు మొదటి అబద్ధమును ఆడెను, వర్తకుడు దానినే ముందుకు సాగించెను. 1524లో మార్టిన్ లూథర్ వర్తకమును గూర్చి వ్రాసిన పుస్తకములో, మిరియములను, అల్లమును, కుంకుమపువ్వును బరువెక్కుటకై చెమ్మగిల్లిన నేలమాళిగలలో ఉంచుటను, ఉన్ని పట్టు వస్త్రములను చీకటి గదులలో అమ్ముటను ఎత్తిచూపెను. మాళిగ యజమానునిది, మూట మోయువాడు వేరొకడు. నేటి అంగడిలో వేడి గాలితో ప్లాస్టిక్ కాగితమును అతికించు పని తరచుగా పదిపన్నెండు వేల జీతగాడైన యువకునిదే. యజమానుడు చెప్పినట్లు చేసితిననుట అతని అపరాధమును తగ్గించును గాని తుడిచివేయదు. గోవాలో 2011 మోడల్ కారుకు ధర చెల్లించినవానికి, అప్పటికే 600 కిలోమీటర్లకు పైగా నడచిన 2009 నాటి కారు అప్పగింపబడిన వ్యాజ్యములో, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తయారీ కంపెనీని విడిచిపెట్టెను. దానికి ఆ సంగతి తెలియునని రుజువు కాలేదు. అమ్మిన డీలరుపై బాధ్యత నిలిచెను. అపరాధము తెలివిని వెంబడించునన్న ఈ సూత్రము ప్రకారము కౌంటరు వెనుక యువకుడు తప్పించుకొనలేడు, అతనికి తెలియును. అట్టి యువకునికి "ఉద్యోగము మానుకొనుము" అని సులభముగా చెప్పు సంఘము, అతని ఇంటి అద్దెను గూర్చి కూడ అడుగవలసియున్నది.

ఇక్కడ దైవజ్ఞాని యెదుట ఒక ఆక్షేపణ నిలుచును, దానిని దాటవేయుట న్యాయము కాదు. పాతవాడైన పాపిని దేవుడు నీతిమంతుడని పిలుచుచున్నాడు గదా. లోపల పాతది యుండగా పైన క్రొత్త పేరు అంటించుట ఇదియు కాదా? సంస్కరణ బోధకు విరోధులు ఈ మాటను అనేక విధములుగా అనిరి. సమాధానము భిలాయి కొలిమి దగ్గర కొంత దొరకును. ఉక్కు కరగించు కన్వర్టరులో ద్రవ ఇనుముతో కూడ తుక్కు ఇనుమును వేయుదురు. విరిగిన గొలుసులు, త్రుప్పుపట్టిన రేకులు అందులో పడి, అగ్ని గుండా వెళ్లి, ఉక్కుగా వచ్చును. దానిని క్రొత్త ఉక్కు అనుటలో అబద్ధము లేదు. త్రుప్పుపై రంగు వేయుట వేరు. వర్తకుడు లెక్కను దాచి, పూర్తి ధరను ఎదుటివాని యొద్ద తీసికొనును. సిలువ యొద్ద లెక్క అందరి యెదుట తెరువబడినది, ధరను చెల్లించినవాడు దేవుడే; ఆయన ఎవరిని క్రొత్తవాడని పిలిచెనో వానిని అగ్నిలోనికి దింపక విడువడు. జక్కయ్య నూతన జీవితము తన పాత లెక్కలను తానే చదువుటతో, నాలుగంతలు తిరిగి యిచ్చుటతో ఆరంభమైనది.

సెక్టర్ 2 కుటుంబమునకు మార్గములు కలవు. బిల్లు, సీరియల్ నంబరు, బ్యాటరీ నివేదిక పట్టుకొని వారు దుర్గ్ జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్లవచ్చును. ఫిర్యాదుదారుడు నివసించు చోటనే వేయుటకు 2019 చట్టము వీలు కల్పించినది. గాని వ్యాజ్యమునకు నెలలు పట్టును, కళాశాల వచ్చే వారమే తెరువబడును. అప్పుడు బంధువు ఒకడు సలహా చెప్పును: ఈ యంత్రమును ఇంకొకరికి అమ్మివేయుడు, నెల క్రిందటి బిల్లు చేతిలో నున్నది గదా, ఒకే నెల వాడినదని చెప్పినచో మంచి ధర పలుకును. బిల్లు అబద్ధము కాదు, నెల అబద్ధము కాదు. తండ్రి బల్ల మీద కాగితము పెట్టుకొని, వినబోవు కొనుగోలుదారుని కొరకు, ఈ యంత్రము తనకంటె ముందు వేరొకరి చేతిలో నుండెనని, బ్యాటరీ ఇంత తరిగినదని వ్రాయుచున్నాడు. ఆ రెండు పంక్తులకు అతడు కొన్ని వేల రూపాయలు చెల్లించుచున్నాడు.