హౌసీ టికెట్టు వెనకాల

మా ఊరి లేడీస్ క్లబ్ వాళ్ళు నెలకో రోజు కలుస్తారు. పొద్దున ఎవరిదో ఒకరి ప్రసంగం, తర్వాత భోజనాలు, మధ్యాహ్నం హౌసీ, అంత్యాక్షరి. మొన్న ప్రసంగం వంతు నాది. ఆడపిల్లల ఆస్తి హక్కు గురించి చెప్పమన్నారు.

నిజం చెప్పాలంటే కాస్త చిన్నచూపుతోనే వెళ్ళాను. ఇలాంటి చోట్లకి మనలో చాలామందిమి అలాగే వెళ్తాం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి 1985లోనే ఆంధ్రప్రదేశ్ వాటా ఇచ్చిందనీ, అప్పటికే పెళ్ళయినవాళ్ళని మాత్రం వదిలేసిందనీ, 2005 కేంద్ర సవరణలో ఆ తేడా పోయిందనీ, ఆనాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చిందనీ నలభై నిమిషాలు చెప్పాను. ప్రశ్నలున్నాయా అంటే ఒక్కరూ లేవలేదు. చప్పట్లు, శాలువా, పులిహోర.

హౌసీ మొదలైంది. పక్కనున్నావిడ అంకెలు కొట్టుకుంటూ, తలెత్తకుండానే అడిగింది: "రిజిస్ట్రారాఫీసులో సంతకం పెట్టేశాక ఇంకేమైనా చెయ్యొచ్చా మేడం?" మోసమో బలవంతమో ఉంటే కోర్టుకెళ్ళొచ్చు, కానీ దానికి గడువుంటుంది అన్నాను. ఎదురుగా ఉన్నావిడ, "నాకు చీర పెట్టి చేయించుకున్నారు" అంది. ఇంకొకావిడ వాటా అడిగిందట. ఆరేళ్ళుగా పుట్టింటి గడప తొక్కలేదు. పైన అంకెలు పిలుస్తూనే ఉన్నారు, మా బల్ల దగ్గర ఎవరికీ జల్దీ ఫైవ్ రాలేదు.

"మరి మీరు తీసుకున్నారా?" అని అడిగారు నన్ను.

లేదు. నేనూ మా తమ్ముడికి రాసిచ్చేశాను. మైకు ముందు ఆ సంగతి చెప్పలేదు. అది అబద్ధం కాదనుకోండి, నిజాయితీ కూడా కాదు. తమ్ముడి మీద ప్రేమతో రాసిచ్చానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. ఆ బల్ల దగ్గర మాత్రం, పండక్కి వెళ్ళడానికి ఒక ఇల్లు లేకుండా పోతుందన్న భయంతో అని చెప్పగలిగాను. చట్టం తెలిసినదాన్ని, తెలిసే పెట్టాను. అలాంటప్పుడు పొద్దున నేను వాళ్ళకి నేర్పిందేమిటి?

భండారు అచ్చమాంబ మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టింది 1902లో. చదువుకుంటే మంచి ఇల్లాళ్ళవుతారనీ, పిల్లల్ని బాగా పెంచుతారనీ నచ్చజెపితే తప్ప ఆడవాళ్ళకి అక్షరం దక్కని రోజులవి. ఆ మాట అప్పుడు అవసరమే అయివుండచ్చు. ఇప్పుడు కూడానా? "హౌసీకంటే మావారు పంపుతారా? మీ ఉపన్యాసం పుణ్యమా అని వచ్చాం" అంది ఒకావిడ నవ్వుతూ. ముందు నాకు చివుక్కుమంది. అరుగు మీద కూర్చుని పేకాడే మగవాడు ఇంట్లో ఏ సాకూ చెప్పి రాడు. ఆడదాని తీరికకి మాత్రం ఉపన్యాసం పూచీ ఉండాలి. హౌసీని ఈసడించుకున్నప్పుడు నేను వాళ్ళాయన పక్షాన నిలబడ్డానన్న మాట.

ఇంతా చేసి మా బల్ల దగ్గరా టికెట్టు లేని మనిషి ఒకావిడ ఉంది. భోజనాలు వడ్డించి, ఎంగిలి పళ్ళేలు తీస్తూ అన్నీ వింది. మేం లేచాక మెల్లగా వచ్చి అడిగింది: "ఇళ్ళ స్థలం పట్టా నా పేరునే ఉందమ్మా. కాయితం ఆయన దాచాడు. అడిగితే ఇవ్వాలా?"

ఇవ్వాలన్నాను. అడిగితే ఏమవుతుందో ఆవిడకి నాకన్నా బాగా తెలుసు. ఆడవాళ్ళకి రాబడితో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయర్ని పెడుతుందని చెప్పి, ఆ పేరు ఓడిపోయిన నా హౌసీ టికెట్టు వెనకాల రాసిచ్చాను. చదవడం రాదంది. నోటికి వచ్చేదాకా మూడుసార్లు చెప్పించుకుని, టికెట్టు బొడ్లో దోపుకుంది.