లెక్కలో పోయిన నీళ్లు

మా ఆఫీసులో వాన ఎప్పుడు కావాలంటే అప్పుడు పడుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం, ఏసీ గదిలో కూర్చుని, గంటలో 60 మిల్లీమీటర్ల వాన కురిపిస్తాను. టీ కప్పు కింద పెట్టేలోపు అది ఇళ్ల కప్పుల మీంచి జారి, రోడ్డు పట్టి, పైపుల్లో దూరి, నాలాలో కలిసిపోయి ఉంటుంది. నా చొక్కా మీద ఒక్క చుక్క పడదు.

వాననీటి కాలువలకు లెక్కలు కట్టడం నా ఉద్యోగం. అందుకు వాడే సాఫ్ట్‌వేర్ పేరు ఎస్‌డబ్ల్యుఎంఎం. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ దాన్ని 1971లో మొదటిసారి బయటికి తెచ్చింది. ఇప్పటికీ ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మేం ‘స్విమ్’ అంటాం. అది ఊరిని ముక్కలుగా చూస్తుంది. ఒక్కో ముక్కలో సిమెంటు ఎంత, మట్టి ఎంత, వాలు ఎంత అన్నది మనం చెప్పాలి. తర్వాత మ్యాన్‌హోళ్లు, వాటిని కలిపే పైపులు. చిట్టచివర ‘అవుట్‌ఫాల్’. నీళ్లు అక్కడికి చేరాయంటే కథ కంచికి, మనం ఇంటికి.

రెండేళ్ల కిందట హైదరాబాద్ శివార్లలో ఒక లేఅవుట్ పని చేస్తున్నాను. ‘ఐదేళ్ల వాన’ కురిపించాను. ఐదేళ్ల వాన అంటే ఐదేళ్లకోసారి లెక్కగా వచ్చి పోయే వాన కాదు. ఏ సంవత్సరంలోనైనా అంత వానో, అంతకు మించిన వానో పడే అవకాశం 20 శాతం అని అర్థం. ఐదేళ్లలో కనీసం ఒక్కసారైనా పడే అవకాశం 67 శాతం. ఆ వానకి చివరి మ్యాన్‌హోల్ పొంగింది. పొంగిన నీళ్లను రిపోర్టులో ఒక వరసలో చూపించింది: ‘ఫ్లడింగ్ లాస్’.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఈ సాఫ్ట్‌వేర్‌లో ‘పాండింగ్’ అని ఒక గడి ఉంటుంది. దాన్ని మనమే టిక్ చేయాలి. చేయకపోతే, మ్యాన్‌హోల్ లోంచి పైకి పొంగిన నీళ్లు మోడల్ నుంచి మాయమైపోతాయి. ఎక్కడా నిలవవు, వెనక్కి రావు. అయినా లెక్క తప్పదు. వచ్చిన నీళ్లు ఇన్ని, పోయినవి ఇన్ని, ‘లాస్’ ఇన్ని. కూడితే సరిపోతుంది.

మా సార్ వచ్చి చూశారు.

“కంటిన్యుటీ ఎర్రర్ ఎంత?”

“అర శాతం లోపే సార్.”

“ఇంకేం, లెక్క కుదిరింది కదా. పంపేయ్.”

“పొంగిన నీళ్లు కింద బస్తీ వైపు వెళ్తాయేమో సార్...”

“మన స్కోప్ గేటు దాకానే.”

పంపేశాను. అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. తర్వాత నన్ను తినేసింది కూడా అదే. అబద్ధం ఆడకూడదని చిన్నప్పటి నుంచి నేర్పారు. ప్రతి అంకె నిజమే చెబుతూ అన్యాయం చేయొచ్చని ఎవరూ చెప్పలేదు.

‘ఫ్లడింగ్ లాస్’ని తెలుగులో పెడితే వరద నష్టం. పేపర్లో వరద నష్టం అని చదివినప్పుడు మనకి మునిగిన ఇల్లు, కుళ్లిన పంట గుర్తొస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో ఆ మాటకి అర్థం తిరగబడింది. లెక్క వేసేవాడి చేతిలోంచి జారిపోయిన నీళ్లు నష్టమట. కానీ నీళ్లు పోవడమంటూ ఉండదు. నాకు పోయాయంటే ఇంకెవరికో వచ్చాయి.

ఇదంతా ఆఫీసు గొడవ అనుకుని ఉండేవాణ్ణి, మా అపార్ట్‌మెంట్ గేటు ముందు గట్టు కట్టకపోయి ఉంటే. ప్రతి వానాకాలం మా సెల్లార్‌లోకి నీళ్లు వచ్చేవి. బైకులు, లిఫ్టు మోటారు తడిసేవి. అసోసియేషన్ మీటింగ్‌లో గేటు దగ్గర అడుగు ఎత్తున సిమెంటు గట్టు పోయిద్దామన్నారు. నేనూ చెయ్యెత్తాను. నా వాటా డబ్బులు ఫోన్లోనే కొట్టేశాను. తర్వాతి వానకి సెల్లార్ పొడిగా ఉంది. వాట్సప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు.

ఆ రాత్రి బాల్కనీలోంచి చూశాను. గట్టుకి తగిలిన నీళ్లు పక్కకి తిరిగి, ఎదురుగా పల్లంలో ఉన్న రేకుల ఇళ్ల వరసలోకి వెళ్తున్నాయి. ఒకావిడ గడపలో కూర్చుని ప్లాస్టిక్ మగ్గుతో నీళ్లు తోడి బయట పోస్తోంది. ఆమె పోసిన నీళ్లు మళ్లీ లోపలికే వస్తున్నాయి.

వృత్తి ధర్మం కొద్దీ లెక్క వేశాను. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా డాబా 400 చదరపు మీటర్లు. 60 మిల్లీమీటర్ల వానకి 24 వేల లీటర్లు. సిమెంటు పీల్చుకునేదీ, గుంటల్లో ఆగేదీ పదో వంతు తీసేసినా 21,600 లీటర్లు. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు నిండి ఇంకా మిగులుతాయి. ఎండాకాలం అదే ట్యాంకర్ కోసం మేం వాచ్‌మన్‌తో పొద్దున్నే ఫోన్లు చేయిస్తాం. ఏప్రిల్‌లో డబ్బులిచ్చి కొనుక్కునే దాన్ని ఆగస్టులో ఊరికే ఆవిడ ఇంట్లోకి పంపిస్తున్నాం.

లెక్క ఎక్కడో ఒకచోట ఆగాలి కదా అని మీరు అడగొచ్చు. నిజమే. మా నాలా మూసీలో కలుస్తుంది, మూసీ కృష్ణలో, కృష్ణ సముద్రంలో. హంసలదీవి దాకా నేను మోడల్ గీయలేను. హద్దు గీయడం తప్పు కాదు. దాని అవతల మనిషే లేనట్టు గీయడం తప్పు.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచాక విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఆయన సూచన, నగరానికి ఎగువన వరదని ఆపే జలాశయాలు కట్టమని. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. నగరం బతకడానికి నగరం బయటి నేల నీళ్లకి చోటిచ్చింది. అంటే నీళ్లకి చోటు ఎప్పుడూ ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే. ఆ ఇచ్చేవాళ్లని లెక్కలో రాశామా లేదా అన్నదే తేడా.

మన పాత గొలుసుకట్టు చెరువుల్లో దీనికో మాట ఉంది: అలుగు. చెరువు నిండితే మిగులు అలుగు మీంచి పారి కింది చెరువుకి చేరుతుంది. పై ఊరి మిగులు కింది ఊరి రాబడి. ఆ ఏర్పాటులో ‘లాస్’ అనే వరస లేదు. అలాగని ఆ కాలమంతా న్యాయంగా నడిచిందని నేను అనను. పైన కట్ట తెగితే కింద కట్టలూ తెగేవి, ముందు మునిగేది పల్లంలో ఉన్నవాళ్లే. అయినా పై వాడికి కింద ఒక చెరువుందని తెలుసు. దాని పేరు కూడా తెలుసు.

నేను మళ్లీ ఆ ఫైల్ తెరిచి పాండింగ్ టిక్ పెట్టాను. వెంటనే సాఫ్ట్‌వేర్ ఒక అంకె అడిగింది: నీళ్లు నిలిచే చోటు ఎన్ని చదరపు మీటర్లు? ఆ అంకె నా దగ్గర లేదు. ఆఫీసులో కూర్చుంటే రాదు. ఆ బస్తీకి వెళ్లి నిలబడాలి. రిపోర్టు ఎప్పుడో పాసైంది, పైపులు భూమిలోకి వెళ్లిపోయాయి. అక్కడికి వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు. మా ఎదురింటికి వెళ్లాను.

మా అపార్ట్‌మెంట్‌లో ఇంకుడు గుంత తవ్వించాలని పట్టుబడుతున్నానని ఆవిడకి చెప్పాను. అది ఎంతకి సరిపోతుందో చెప్పలేదు. రెండు మీటర్ల పొడవు, వెడల్పు, లోతు తవ్వి రాళ్లు నింపితే, రాళ్ల సందుల్లో పట్టేది మూడు వేల లీటర్ల పైచిలుకు. భూమి పీల్చుకునేది ఇంకొంత. మిగతాది ఎప్పటిలాగే ఆవిడ ఇంటికే.

నీళ్లు ఎంత దాకా వచ్చాయని అడిగాను. చెయ్యితో చూపించింది.

“గ్యాస్ సిలిండర్ సగం దాంక వచ్చినయ్ బిడ్డా. మీరు గా గట్టు కట్టినంకనే.”

గోడ మీద మరక ఇంకా ఉంది. టేపు పెట్టి కొలిచాను. గది పొడవు, వెడల్పు రాసుకున్నాను. గడప కొస దాకా వచ్చి నా నోట్‌బుక్ వంక చూసింది.

“గిది రాసుకుంటే ఇంక నీళ్లు రావా?”

“రాసుకోకపోతే మీ ఇంట్లోకి వచ్చినట్టే ఎవరికీ తెలీదమ్మా” అన్నాను.

అది ఆవిడ అడిగినదానికి జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగ్ ఉంది. ఎజెండాలో ఇంకుడు గుంతతో పాటు గట్టు సంగతి కూడా రాయించాను. ఈసారి చెయ్యెత్తే ముందు ఆవిడని కూడా పిలవమని అడుగుతాను. ఒప్పుకుంటారో లేదో తెలీదు.