ప్రార్థన కోరిన సిలువ

సమాధి మీద సిలువ ఎందుకు నిలుపుతాం? పోయినవారి పేరు నిలవాలనా? వారి ఆత్మ కోసం ఎవరైనా ప్రార్థించాలనా? ప్రియ పాఠకులారా, ఈ ప్రశ్నకు ఐర్లండు దేశంలోని ఒక రాతి సిలువ జవాబు చెబుతోంది.

ఆ దేశపు తూర్పున, లౌత్ కౌంటీలో మొనాస్టర్‌బాయిస్ అనే పాత మఠం శిథిలాలున్నాయి. అక్కడ దాదాపు 18 అడుగుల ఇసుకరాతి సిలువ ఒకటి సుమారు 1,100 ఏళ్ళుగా నిలిచి ఉంది. దాని చుట్టూ పవిత్ర గ్రంథ ఘట్టాలే. ఆదాము ఏవలు, కయీను ఆబేలులు, దావీదు గొల్యాతులు కనబడతారు. ఒక వైపు నడుమ క్రీస్తునాథుని సిలువ మరణం, మరో వైపు కడపటి తీర్పు, దాని కింద ఆత్మలను తూచే పునీత మిఖాయేలు.

ఇంత గొప్ప పని చేయించినవాని పేరు ఎక్కడ ఉంది? అన్నిటికంటే కింద, అడుగున. ఈ సిలువను చేయించిన మ్యూరెడాక్ కొరకు ప్రార్థన అని అక్కడ చెక్కించాడు. బిరుదు లేదు, పొగడ్త లేదు. 923లో మరణించిన మఠాధిపతి ఈయనే అని చాలామంది పండితుల అభిప్రాయం.

12వ శతాబ్దం తరువాత ఇటువంటి సిలువలు చెక్కడం ఆగిపోయింది. 19వ శతాబ్దంలో ఐరిష్ ప్రజలు తమ పూర్వుల కళ వైపు మళ్ళీ చూశారు. 1853 డబ్లిన్ ప్రదర్శనలో ఈ సిలువల అచ్చులు నిలిపారు. 1857లో హెన్రీ ఓనీల్ వాటి చిత్రాలతో పుస్తకం ప్రచురించాడు. ఆపై వలయం గల సిలువ శ్మశానాలలో పాతుకుంది. వలస వెళ్ళినవారితో అమెరికాకు, ఆస్ట్రేలియాకు చేరింది.

అయితే ఈ కొత్త సిలువల మీద అల్లికల నగిషీ మిగిలింది గాని, గ్రంథ ఘట్టాలు చాలావరకు కనుమరుగయ్యాయి. ఇది తప్పా? 1845లో మొదలైన ఘోర కరువులో లక్షలమందిని పోగొట్టుకున్న జాతి, తనదైన గుర్తును సమాధి మీద పెట్టుకుంటే ఎవరు తప్పు పట్టగలరు? పేరు చెక్కించడం కూడా పాపం కాదు. మ్యూరెడాక్ కూడా తన పేరు చెక్కించాడు కదా! కాని ఆయన ఆ పేరును యాచకుడు చేయి చాచినట్టు చాచాడు. మన మెప్పు ఆయనకు అక్కరలేదు. మన ప్రార్థన కావాలి.

నవంబరు 2న మనమూ సమాధుల వద్దకు వెళతాం. పూలు చల్లుతాం, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఒక కుటుంబం పాలరాయి పరిపిస్తుంది. పక్కనే మరొక కుటుంబానికి కర్ర సిలువకు కూడా శక్తి చాలదు. పాలరాతిని చూసి ఆ పేదతల్లి సిగ్గుపడితే, మన భక్తిలో ఎక్కడో లోపం ఉంది. ఈసారి మనవారి సమాధి దగ్గర ప్రార్థన ముగించాక, గుర్తు కూడా లేని ఆ మట్టి దిబ్బ దగ్గర కూడా ఒక్క పరలోక జపం చెబుదాం. పోయినవారు మననుండి కోరేది అదే.