రోగం ఒకరిది, ఖర్చు ఎవరిది?

బీమా, ప్రభుత్వం భరించింది పోను వైద్యం కోసం ఇంటివాళ్లు చేతి నుంచి పెట్టుకునే సొమ్మును సొంత ఖర్చు అంటారు. భారతదేశపు మొత్తం ఆరోగ్య వ్యయంలో దీని వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం అని జాతీయ ఆరోగ్య ఖాతాలు చెబుతున్నాయి. తగ్గిన మాట నిజమే. అయినా హైదరాబాదులోని ఉప్పల్, నాచారం వైపు ఒక ఇంట్లో పెద్ద జబ్బు వస్తే డబ్బు పుట్టే వరస పెద్దగా మారలేదు. ముందు దాచుకున్నది పోతుంది, తరువాత చిట్టీ ఎత్తుతారు, ఆపైన బంగారం తాకట్టుకు వెళ్తుంది, చివరికి నూటికి రెండో మూడో వడ్డీకి అప్పు. రోగి కోలుకున్నాక కూడా అప్పు మిగిలే ఉంటుంది. నొప్పిని ఎవరూ పంచుకోలేరు గాని బిల్లును పంచుకోవచ్చు. పంచుకోగలిగినదాన్ని రోగి ఇంటికే వదిలేయడం ధర్మమేనా?

వదిలేయవచ్చు అనేవారు తరచుగా కర్మను ముందుకు తెస్తారు. ఎవరు చేసుకున్నది వారు అనుభవించాలి కాబట్టి రోగమూ అంతే, దాని ఖర్చూ అంతే అన్నది వారి వాదం. శాస్త్రాలు ఈ వాదానికి అనుకున్నంత బలం ఇవ్వవు. చరకసంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో, ఆయుర్దాయం ముందే నిర్ణయమై ఉంటుందా అని శిష్యుడు అగ్నివేశుడు అడుగుతాడు. దైవం, పురుషకారం రెండూ కలిసి దాన్ని నిర్ణయిస్తాయని గురువు ఆత్రేయుడి సమాధానం. అంతా ముందే రాసిపెట్టి ఉంటే ఔషధాలతో పనేముంది అని ఆయన తర్కం. ఆ అధ్యాయపు అసలు విషయం మరీ ముఖ్యం. వేర్వేరు శరీర తత్వాలున్న జనం ఒకేసారి ఒకే జబ్బున ఎందుకు పడతారన్నది అందులోని చర్చ. గాలి, నీరు, నేల, కాలం అందరికీ ఉమ్మడి గనుక అవి చెడితే అందరూ చెడతారని, ఆ చెడుకు మూలం అధర్మమని గ్రంథం అంటుంది. పారిశ్రామికవాడ పక్కనే కాపురముండే నాచారం, మల్లాపూర్ వాసులకు ఇది పాత పుస్తకంలోని మాటగా తోచదు. కారణం ఉమ్మడిదైన చోట ఖర్చు మాత్రం ఒక్కడిదెలా అవుతుంది?

బౌద్ధం ఇంకా సూటిగా ఉంటుంది. అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా అని సీవకుడనే పరివ్రాజకుడు అడిగితే బుద్ధుడు కాదన్నాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలవడం, రుతువుల మార్పు, అజాగ్రత్త, బయటి దెబ్బ, వీటి తరువాత ఎనిమిదో కారణంగా మాత్రమే కర్మను లెక్కించాడు. ఇక ఖర్చు పంచుకోవడం మాటకొస్తే, అప్పుల్లో కూరుకుపోయినవారికి జకాత్ అనే విధి దానం పొందే హక్కు ఖురాన్‌లోనే ఉంది. బైబిల్లోని మంచి సమరయుడు గాయపడ్డవాడి కట్లు కట్టడంతో ఆగలేదు. సత్రం యజమానికి రెండు దేనారాలిచ్చి, ఇంకా ఖర్చైతే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. ఈ కథలోని జాలి గురించి చెప్పినవారే ఎక్కువ, ఆ పూచీకత్తును పట్టించుకున్నవారు తక్కువ.

పూచీకత్తును దాత మంచితనానికి వదలకుండా చట్టంగా మార్చిన ప్రయత్నాల్లో 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) చట్టం ఒకటి. నాచారంలోని ఈఎస్ఐ ఆసుపత్రి ఆ చట్టం నీడలో పుట్టినదే. 2019 జులై నుంచి కార్మికుడి జీతంలో 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కడతాడు. 20,000 రూపాయల జీతానికి ఇది 150, 650 రూపాయలు. బ్రహ్మచారీ ఇంతే కడతాడు, ముసలి తల్లిదండ్రులున్నవాడూ ఇంతే. ఈ ఏడాది జబ్బు పడనివాడి డబ్బు జబ్బు పడ్డవాడికి మందవుతుంది. చికిత్సతో పాటు, డాక్టరు సెలవు రాస్తే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం చెల్లిస్తారు. దానం తీసుకునేవాడు తల వంచాలి, చందా కట్టినవాడికి ఆ అవసరం లేదు. ఆసుపత్రి వరసలో పడిగాపులు వేరే సంగతి.

సంపన్న దేశాలూ ఈ ప్రశ్నను దాటిపోలేదు. బ్రిటన్‌లో అదే 1948లో మొదలైన ఉచిత వైద్యంలో కట్టుడు పళ్లకు, కళ్లద్దాలకు రుసుము పెట్టబోతే, ఆ వ్యవస్థను నిలబెట్టిన మంత్రి అన్యూరిన్ బెవాన్ 1951లో రాజీనామా చేశాడు. రోగి కొంత చెల్లిస్తేనే వృథా తగ్గుతుందన్నది రుసుము పెట్టేవారి వాదన. 1970లలో అమెరికాలో ర్యాండ్ సంస్థ మొదలుపెట్టిన ప్రయోగం దీన్ని సగమే నిజం చేసింది. చెల్లించాల్సి వచ్చినవారు అనవసరమైన వైద్యంతో పాటు అవసరమైనదీ మానుకున్నారు. ఏది అవసరమో తెలియకనే కదా మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లేది! అమెరికాలోని పిల్లలను చూడబోయే తల్లిదండ్రులు బీపీ, షుగరు మాత్రలు నెలలకు సరిపడా సూట్‌కేసులో సర్దుకోవడం అక్కడి వైద్యం ఖర్చుకు భయపడే.

ఆ మాత్రల దగ్గరే లెక్క ఎక్కువగా తప్పుతుంది. ఐరోపాలో కుటుంబాలను కుంగదీసే వైద్య ఖర్చులో పెద్ద భాగం బయట కొనే మందులదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తేల్చింది. 2007లో మొదలైన ప్రభుత్వ వైద్య పథకం ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచింది గాని, అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరాల్సిన చికిత్సలకు. ఆపరేషన్ ఒకనాటిది, మాత్ర రోజూ మింగాల్సింది. సమాజం మొదటిదానికి కదిలినంత త్వరగా రెండోదానికి కదలదు, ఇది న్యాయం కాదు.

ఈఎస్ఐ గొడుగుకూ ఒక అంచు ఉంది. 2017 జనవరిలో జీతం పరిమితిని 15,000 నుంచి 21,000 రూపాయలకు పెంచారు. జీతం దాన్ని దాటిన కార్మికుడికి ఆ చందా కాలం ముగిసేదాకా కోత సాగుతుంది, దానికి ముడిపడిన ప్రయోజన కాలం దాకా కార్డు చెల్లుతుంది. ఆ తరువాత ఇంటివాళ్లు చీటీ పట్టుకుని మందుల షాపుకు వెళ్తారు.