లింగము కట్టిన ప్రాణికి లెక్క లేదా?



వీరశైవాచారమున గర్భము ఎనిమిదవ మాసమునకు వచ్చినపుడు గురువు గృహమునకు విచ్చేసి, కడుపులోని శిశువు కొరకు లింగధారణ సంస్కారము జరుపు సంప్రదాయము కలదు. ఆ లింగమును తల్లి ధరించి కాపాడును. ఆ శిశువునకు అప్పటికి పేరు లేదు, ఆడయో మగయో తెలియదు, ముఖమెవ్వరును చూడలేదు. అయినను గురువు దృష్టిలో అది లింగమునకు అర్హమైన ప్రాణి. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున మాదాంబ మూడేండ్లు గర్భము మోసినదని చెప్పబడినది. శరణుని జీవితము పురుడు వచ్చిన దినముననే మొదలగునని ఆ కథ తలపదు.

దేశపు లెక్క వేరుగా నున్నది. 2011 మార్చి 1వ తేదీ తొలి క్షణమును ప్రమాణముగా గొని జరిగిన జనగణనలో, వివాహితలను పుట్టిన బిడ్డలెందరు, బ్రతికియున్నవారెందరు అని అడిగిరి. పుట్టి పోయినవారిని గూర్చి ప్రశ్న కలదు. పుట్టబోవు శిశువును గూర్చి లేదు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము మృతశిశు జననమును సైతము నమోదు చేయుమన్నది. ప్రాణము లేక పుట్టిన శిశువునకు పుస్తకమున చోటుండగా, తల్లికడుపులో కదలుచున్న శిశువునకు జనగణనలో ఒక గడియైనను లేకుండుట ధర్మమా?

లెక్కవలన ఏమగునని కొందరందురు. రాజమహేంద్రవరమే దీనికి సమాధానము. 1881 ఫిబ్రవరిలో దేశమంతట ఒకేసారి జనగణన జరిగి, వయస్సును వివాహస్థితిని వ్రాసికొనగా, బాలవితంతువుల దుఃఖము అంకెలకెక్కినది. ఆ సంవత్సరమే డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము పంతులు ఈ నగరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. అంకె సంస్కర్త కాదు. కాని ఇంటి మూలను దాగిన బాధను అది వీధిలోనికి తెచ్చును.

నేడు దాగిన బాధ గర్భిణిది. 1975లో మొదలైన అంగన్‌వాడీ వ్యవస్థ గర్భిణుల పేర్లు వ్రాసికొని ఆహారమిచ్చుచున్నది. కాని పనికై ఊరు విడిచి వచ్చిన కుటుంబపు గర్భిణి ఏ పుస్తకములోను చేరకపోవచ్చును. జనగణన ఆమెకడకు పోగలదు. గూడు లేనివారిని లెక్కించుటకు 2011 ఫిబ్రవరి 28 రాత్రి గణకులు రైలు నిలయములకు, రోడ్డు ప్రక్కలకు వెళ్లిరి. గోదావరి గట్టున కోటిలింగాల రేవు మెట్లపై నిదురించు తల్లిని లెక్కించువారు, ఆమె మోయుచున్న ప్రాణిని గూర్చియు ఒక మాట అడుగవచ్చును గదా!

ఇందు జాగ్రత్తలు వలయును. గర్భస్థ శిశువును జనసంఖ్యలో కలుపక వేరు గడిలో చూపవలెను. గర్భము నిలకడ చెందిన చివరి మాసములకే ప్రశ్న పరిమితము కావలెను. చెప్పుటయు చెప్పకుండుటయు ఆ తల్లి యిష్టము. పొరుగువారి యెదుట ఆమెను అడుగరాదు. శిశువు ఆడయా మగయా అను ప్రశ్న ఎన్నడును రారాదు. ఆరేండ్లలోపు పిల్లలలో వేయిమంది మగవారికి 1991లో 945 మంది, 2001లో 927 మంది ఆడపిల్లలుండగా, 2011 నాటికి ఆ సంఖ్య 920 కంటె దిగజారినది. లింగనిర్ధారణను నిషేధించుచు 1994లో చట్టము వచ్చినను ఈ క్షయము ఆగలేదు. లేని ఆడపిల్లలను లెక్కించుట కంటె, ఉన్న గర్భమును కాచుట మేలు.

తరువాతి జనగణనకు 2027 మార్చి 1 ప్రమాణదినమని 2025 జూన్‌లో ప్రభుత్వము ప్రకటించినది. ప్రభుత్వము ఈ గడిని చేర్చినను చేర్చకున్నను, మఠములు తమ పని తాము చేయవచ్చును. ప్రతి మఠము తన పరిసరమున కులమత భేదము లేక గర్భిణుల పట్టిక నుంచవలెను. దాసోహపు పంక్తిలో వారికి ముందు వడ్డించవలెను. పురిటినాటికి వాహనమును సిద్ధపరచవలెను. బసవేశ్వరుని దాసోహము ఆకలి లెక్క తెలిసినవారి ధర్మము. గర్భమున లింగము కట్టి, తరువాత ఆడబిడ్డయని తెలిసికొని తొలగించువాడు కట్టిన లింగమునే త్రెంచినవాడు. అట్టివానికి ఏ పూజయు ఫలింపదు.