కులం పుట్టుకలో ఉందా, మనిషి చేతిలో ఉందా?



"విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?" అంటారు ఊళ్లలో. "వాళ్ల రక్తమే అంత" అని కూడా అంటారు. బిడ్డకి ఒంటి రంగు, జుట్టు, ముక్కుతీరు తల్లిదండ్రుల నుంచి వస్తాయి, నిజమే. మరి ఎక్కువ తక్కువలు కూడా అలాగే వస్తాయా? విన్నంత మాత్రాన నమ్మొద్దని బుద్ధుడు కాలాములకి చెప్పాడు. కాబట్టి పరీక్షించిన వాళ్ల సంగతి చూద్దాం.

1868లో చార్లెస్ డార్విన్ ఒక ఊహ చేశాడు. ఒంట్లోని ప్రతి భాగం నుంచీ "జెమ్యూల్స్" అనే సూక్ష్మ కణికలు బయల్దేరి, వీర్యంలోకి, అండంలోకి చేరి బిడ్డకి అందుతాయన్నాడు. వాటిని ఎవరూ చూడలేదు. ఆయన బంధువు ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక రకం కుందేళ్లకి వేరే రకం కుందేళ్ల రక్తం ఎక్కించి, పిల్లలు ఎలా పుడతాయో చూశాడు. పిల్లల రంగు మారలేదని 1871లో ప్రకటించాడు.

తర్వాత జర్మనీలో ఆగస్ట్ వైస్మన్ ఎలుకల తోకలు కత్తిరించి వాటి సంతతిని చూశాడు. ఐదు తరాల్లో 900కి పైగా పిల్లలు పుట్టాయి. ఒక్కటీ తోక లేకుండా పుట్టలేదు. పెద్దల ఒంటికి తగిలిన గాయం పిల్లల పుట్టుకలోకి దిగదని ఆయన వాదించాడు.

వైస్మన్ కులం గురించి మాట్లాడలేదు. కానీ ఆ ఎలుకల్ని తల్చుకుంటే మనకొక సంగతి తడుతుంది. మన తాతముత్తాతలకి అక్షరం అందనివ్వలేదు, చెరువు నీళ్లు ముట్టనివ్వలేదు. అయినా మన ఇంట్లో పుట్టే ప్రతి బిడ్డా నిండు మనిషిగానే పుడుతోంది. కులం నిలవాలంటే తరతరానికీ ఎవరో ఒకరు మళ్లీ కత్తి పట్టాల్సిందే.

ఆ కత్తిని దాచిపెట్టేది పూర్వజన్మ కర్మ సిద్ధాంతం. ఎవరి పుట్టుకకి వాళ్లే కారణమంటుంది. "బుద్ధుడు - ఆయన ధమ్మం"లో బాబాసాహెబ్ దీన్ని తిప్పికొట్టారు. పేదల దుస్థితికి సమాజం, రాజ్యం బాధ్యత తప్పించుకోవడానికే అది పనికొస్తుందని తేల్చారు. గడ్డికీ చెట్టుకీ, పురుగుకీ పక్షికీ పుట్టుకతో జాతి గుర్తులున్నాయి, మనుషుల మధ్య అలాంటివి లేవని బుద్ధుడు వాసెట్ఠుడికి ఏనాడో చెప్పాడు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. రక్తం ఎక్కించి చూసిన గాల్టనే 1883లో "యూజెనిక్స్" అనే మాట పుట్టించాడు. మేలుజాతి మనుషుల్ని పెంచాలన్నాడు. ప్రయోగం చేయడం తెలిసినంత మాత్రాన మనసు మారదు. అందుకే ప్రజ్ఞతో పాటు శీలం, కరుణ కావాలి.

మరి మన సంగతేంటి? దీక్ష తీసుకుని, పంచశీల చెప్పుకుని, సంబంధం చూసేటప్పుడు "వాళ్లు మనలో ఏ శాఖ?" అని అడుగుతున్నామా లేదా? అలా అడిగితే కత్తి మన చేతిలోనే ఉన్నట్టు. బిడ్డలు వింటుంటారు. కులం వాళ్లకి అంటేది అలాంటి మాటల్లోనే. ఈ తరంలో మనం ఆ మాట మానేద్దాం.

నమో బుద్ధాయ. జై భీమ్.